లారీ దిగాలనుంది, దిగాక ఏం చేయాలి?

ప్రశ్న: నా వయసు 41. పదహారేళ్లుగా లారీ నడుపుతున్నాను. అన్నీ దూరపు లోడ్లే, నెలలో 25 రోజులు రోడ్డు మీదే గడుస్తాయి. రెండేళ్లుగా నడుము నొప్పి ఉంది. ఈమధ్య ఎడమ కాలు తిమ్మిరెక్కుతోంది. మొన్నొక తెల్లవారుజామున బండి నడుపుతుండగానే కన్ను మూతపడింది. చక్రం రోడ్డు అంచు దిగిన కుదుపుకు మెలకువ వచ్చింది. ఎవరికీ ఏమీ కాలేదు. అప్పటినుంచి ఈ పని మానేయాలనే ఉంది. స్నేహితుడు పొక్లెయిన్ నేర్చుకోమంటున్నాడు. తెలిసినవాళ్ల గోడౌన్‌లో లోడింగ్ సూపర్‌వైజర్ పని ఉంది, కానీ జీతం ఇప్పుడొచ్చే దాంట్లో మూడింట రెండు వంతులే. మా బావమరిదేమో సగం అప్పు తెచ్చి ఇద్దరం కలిసి ఒక వ్యాన్ కొందామంటున్నాడు. డ్రైవర్ లేని లారీలు కూడా వస్తున్నాయట కదా. నేను చదివింది పదో తరగతి. ఇంటికి వెళ్లగానే మా చిన్నమ్మాయి అడిగే మొదటి మాట ‘మళ్లీ ఎప్పుడు వెళ్తావు నాన్నా?’ అని. స్టీరింగ్ తిప్పడం తప్ప నాకేమీ చేతకాదు. ఏం చేయమంటారు?

సమాధానం: మీ ఉత్తరంలో నాకు అన్నిటికన్నా భయం కలిగించిన మాట ‘ఎవరికీ ఏమీ కాలేదు’ అన్నది. పని మారే సంగతి నెలల మీద తేలుతుంది. మీ తర్వాతి ట్రిప్పు బహుశా ఈ వారమే ఉంటుంది. అందుకని ముందు దాని గురించే మాట్లాడతాను.

గంటకు 80 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు 22 మీటర్లు పోతుంది. నాలుగు సెకన్లు కన్ను మూతపడితే దాదాపు 90 మీటర్ల దూరం ఆ లారీని ఎవరూ నడపనట్టే. అది మీ నిర్లక్ష్యమని నేననను. రాత్రి రెండు నుంచి ఉదయం ఆరు లోపు మనిషి ఒళ్లు నిద్రనే కోరుకుంటుంది, ఎంత అనుభవం ఉన్నా అది మారదు. 17 గంటలు నిద్ర లేకుండా ఉన్న మనిషి చురుకుదనం, రక్తంలో 0.05 శాతం మద్యం ఉన్న మనిషి చురుకుదనంతో సమానంగా పడిపోతుందని 1997లో ఆస్ట్రేలియా పరిశోధకులు కొలిచి చూపించారు. మద్యం తాగి స్టీరింగ్ ముందు కూర్చోవడాన్ని మీరు ఒప్పుకోరు కదా. దీన్నీ అంతే గట్టిగా చూడండి. కిటికీ అద్దం దించడం, పాటలు పెంచడం, మొహం కడుక్కోవడం కొన్ని నిమిషాలకు మించి పనిచేయవు. పనిచేసేది నిద్ర ఒక్కటే. ఆవులింతలు ఆగకపోయినా, దాటి వచ్చిన బోర్డు గుర్తు రాకపోయినా, బండి గీత దాటుతున్నా సురక్షితమైన చోట ఆపి ఇరవై నిమిషాలు పడుకోండి. లోడు ఆలస్యమైతే వచ్చే మాటలు పడొచ్చు.

ఇంకొక మాట మీ ఇంట్లోవాళ్లను అడగండి: మీరు గట్టిగా గురక పెడతారా, మధ్యలో ఊపిరి ఆగినట్టయి ఉలిక్కిపడతారా? ఎన్ని గంటలు పడుకున్నా పొద్దున తలనొప్పితో, బడలికతో లేస్తున్నారా? అవునంటే అది స్లీప్ ఆప్నియా కావచ్చు. గంటల తరబడి కూర్చునే పని, పెరిగే బరువు వల్ల లారీ డ్రైవర్లలో ఇది మామూలు జనంలో కంటే ఎక్కువ. పరీక్ష ఉంది, వైద్యం ఉంది. ఇది తేల్చుకోకుండా ఏ పనికి మారినా ఆ నిద్రమత్తు మీ వెంటే వస్తుంది. యంత్రం దగ్గరైనా, గోడౌన్లలో సరుకు ఎత్తే ఫోర్క్‌లిఫ్ట్ బండి దగ్గరైనా అది ప్రమాదమే.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు కాలి తిమ్మిరి గురించి కూడా చెప్పండి. నడుము నొప్పి ఒక్కటే అయితే ఓపిక పట్టమనేవాడిని. కాలు తిమ్మిరెక్కడం అంటే వెన్నులో నరం మీద ఒత్తిడి పడుతూ ఉండవచ్చు. కాలిలో పట్టు తగ్గినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా, మూత్రం మీద అదుపు తప్పినా మాత్రం ఒక్క రోజు కూడా ఆగకండి, నేరుగా ఆసుపత్రికి వెళ్లండి.

ఇప్పుడు పని సంగతి. మీ ఉత్తరం రెండుసార్లు చదివాను. రాత్రులు మీకు పడటం లేదు, నడుము పడటం లేదు, ఇంటికి దూరంగా ఉండటం పడటం లేదు. కానీ బండి నడపడం విసుగొచ్చిందని ఎక్కడా రాయలేదు. ఇది చిన్న విషయం కాదు. లారీ దిగిపోవాలని ఒక్క మాటగా అనుకుంటున్నారు గానీ, అందులో మూడు వేర్వేరు బాధలు ఉన్నాయి, మూడింటికీ మందు ఒకటి కాదు. పొద్దున వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే దగ్గరి రూటు దొరికితే రాత్రుల బాధ, ఇంటి బాధ రెండూ తీరిపోతాయి. మిగిలేది నడుము. అందుకే ‘నేను ఇంకా బండి నడపవచ్చా, రోజుకు ఎన్ని గంటలు, ఎంత బరువు ఎత్తవచ్చు’ అని డాక్టరును సూటిగా అడగండి. ఆ జవాబు మీద ఆధారపడే దారి రెండుగా చీలుతుంది.

నడపవచ్చు అంటే, పగటిపూట స్థిరమైన రూటు కోసం ముందు ఇప్పటి యజమానినే అడగండి. చాలామంది ఆ ఒక్క మాట అడగకుండానే పని మానేస్తారు. పదహారేళ్లు బండి నడిపిన డ్రైవరును వదులుకోవడం ఏ యజమానికైనా నష్టమే. అడిగేటప్పుడు ఒక కొలత దగ్గర పెట్టుకోండి. రోడ్డు రవాణా డ్రైవర్ల పనిగంటల మీద అంతర్జాతీయ కార్మిక సంస్థ 1979లో 153వ నంబరు ఒప్పందం చేసింది. దాని ప్రకారం ఆగకుండా నడిపేది 4 గంటలకు మించకూడదు, రోజుకు 9 గంటలు, వారానికి 48 గంటలు దాటకూడదు, రోజుకు 10 గంటల వరుస విశ్రాంతి ఉండాలి. చాలా దేశాలు దాన్ని ఆమోదించలేదు, కాబట్టి యజమాని ముందు చట్టంలా చూపించలేరు. కానీ మనిషి ఒంటికి ఎంత తగునో ప్రపంచం కూర్చుని ఆలోచించి రాసుకున్న లెక్క అది. మీకు ఇవ్వబోయే రూటు దానికి ఎంత దగ్గరగా ఉందో చూసుకోవడానికి పనికొస్తుంది.

నడపవద్దు అంటే, మీ స్నేహితుడు చెప్పిన పొక్లెయిన్ కూడా వద్దు. ఈ సలహా చాలామంది ఇస్తారు, మంచి మనసుతోనే ఇస్తారు. లారీలో మీ వెన్నును దెబ్బతీస్తున్నది కూర్చోవడం ఒక్కటే కాదు, సీటులోంచి వెన్నులోకి ఎక్కే అదురు కూడా. సెకనుకు 4 నుంచి 8 సార్లు ఊగే అదురు కూర్చున్న మనిషి వెన్నుపూసలకు అన్నిటికన్నా చెడ్డది. లారీలు, భారీ యంత్రాలు ఇచ్చే అదురులో అలాంటిదీ ఉంటుంది. రాయి మీద పనిచేసే పొక్లెయిన్‌లో ఆ కుదుపులు ఇంకా మొరటుగా ఉంటాయి. ఇక టిప్పర్లంటే రోడ్డే లేని చోట నడపాలి. ఫోర్క్‌లిఫ్ట్ చూడటానికి చిన్నదే, కానీ దాని చక్రాలు గట్టివి, నేల మీది ప్రతి అతుకూ నడుముకు తెలుస్తుంది. పైగా వెనక్కి నడిపేటప్పుడు మెడ, నడుము తిప్పి కూర్చోవాలి. డబ్బాలు చేరవేసే చిన్న వ్యాన్‌లో అదురు తక్కువే గానీ, రోజుకు ఎన్నోసార్లు ఎక్కి దిగాలి, బరువులు మోయాలి. గంటలకొద్దీ కూర్చుని లేచిన వెంటనే బరువెత్తడం వెన్నుకు బొత్తిగా మంచిది కాదు.

ఇక గోడౌన్ పని. మీరు దాన్ని కొంచెం చిన్నచూపుతో రాశారనిపించింది, జీతం వల్ల కావచ్చు. నాకైతే మీ ముందున్న వాటిలో అదే మేలుగా కనిపిస్తోంది. ఒక లెక్క వేద్దాం. ఇప్పుడు నెలకు 25 రోజులు ఇంటికి బయట ఉంటున్నారు. పడుకునేది కూడా క్యాబిన్‌లోనే కాబట్టి అది 600 గంటలు. గోడౌన్‌లో 26 రోజులు, రోజుకు 9 గంటలు, రాకపోకలకు ఇంకో గంట అనుకుంటే 260 గంటలు. ఇప్పటి సంపాదన 100 రూపాయలు అనుకుంటే, ఇంటికి దూరంగా గడిపే ఒక్కో గంటకు మీకు వస్తున్నది 17 పైసలు. గోడౌన్‌లో 67 వచ్చినా గంటకు 26 పైసలు పడుతుంది. అంటే మీ గంట విలువ అక్కడే ఒకటిన్నర రెట్లు ఎక్కువ. పైగా రోడ్డు మీద తిండికీ, స్నానానికీ, చిల్లరమల్లర చేతులు తడపడానికీ పోయే డబ్బు మీరెప్పుడూ లెక్కలో రాసి ఉండరు. ఒక నెల రాసి చూడండి.

అలాగని ఇంటి అద్దె గంటల్లో కట్టలేం. నెలకు మూడో వంతు తగ్గడం తగ్గడమే, దాన్ని తేలిక చేసి చెప్పను. దానికి నేను చెప్పే ఉపాయం ఒకటుంది: మానేయకముందే తగ్గించుకుని బతికి చూడండి. డాక్టరు బండి నడపడానికి ఒప్పుకుంటే, ఇప్పటి జీతంలో మూడో వంతును రాగానే పక్కన పెట్టేసి, ఇల్లు మొత్తం మిగిలిన రెండు వంతులతోనే నడపండి. ఆరు నెలలు అలా నడిపితే రెండు విషయాలు తేలతాయి. కొత్త జీతంతో ఇల్లు గడుస్తుందో లేదో ఊహతో కాకుండా అనుభవంతో తెలుస్తుంది. అప్పటికి పక్కన పడిన డబ్బు రెండు నెలల ఇప్పటి సంపాదన, అంటే కొత్త జీతం మూడు నెలలకు సమానం. పని అటూఇటూ అయినా మూడు నెలలు ఇల్లు గడవడానికి ఆసరా ఉంటుంది. ఆరు నెలలు ఆగే వీలు లేదంటే మూడు నెలలైనా చేయండి. అప్పులున్నాయా, ఎంత వడ్డీకి అన్నది మీరు రాయలేదు. ఎక్కువ వడ్డీ అప్పు ఉంటే పక్కన పెట్టే డబ్బులో సగం దానికే వెళ్లనివ్వండి.

గోడౌన్ వాళ్లను కొన్ని విషయాలు ముందే అడిగి తెలుసుకోవాలి. సూపర్‌వైజర్ అని పేరు పెట్టి మనిషి తక్కువైన రోజున మూటలెత్తమంటారా? రాత్రి షిఫ్టులు ఉన్నాయా? ఉంటే, మీరు తప్పించుకోవాలనుకుంటున్నదే మళ్లీ ఎదురొస్తుంది. జీతం ఏడాదికోసారి పెరుగుతుందా, పైన ఇంకో మెట్టు ఉందా? వీలైతే మీ సెలవు రోజుల్లో రెండు మూడు పూటలు అక్కడికి వెళ్లి నిలబడి చూడండి. లోడింగ్ మంచి ఊపు మీద ఉన్న పూట వెళితే ఆ చోటు గుణం తెలిసిపోతుంది.

‘స్టీరింగ్ తిప్పడం తప్ప ఏమీ చేతకాదు’ అన్న మాటను మాత్రం నేను ఒప్పుకోను. సరుకు చూడగానే బరువు ముందు ఇరుసు మీద ఎంత పడుతుందో, వెనక ఎంత పడుతుందో మీకు తెలుసు. ఏ సరుకు కింద పెట్టాలి, ఏది పైన పెడితే నలుగుతుంది, తాడు ఎక్కడ బిగించకపోతే మలుపులో లోడు జరుగుతుంది, వానకు టార్పాలిన్ ఏ మూల నీళ్లు తాగుతుంది, ఇవన్నీ మీకు తెలుసు. కాగితాల్లో ఏది లేకపోతే బండి ఎక్కడ ఆగుతుందో తెలుసు. నడిరాత్రి బండి చెడిపోతే వినికిడితోనే సగం సంగతి పట్టగలరు. ఎవరూ తోడు లేకుండా లక్షల విలువ చేసే సరుకును అప్పగింతగా తీసుకుని పదహారేళ్లు చేరవేశారు. గోడౌన్‌లో సూపర్‌వైజర్ చేయాల్సింది ఇదే. అక్కడ కూర్చునే చాలామందికి రోడ్డు మీద ఆ సరుకుకు ఏమవుతుందో తెలియదు.

మీరు రాయని పని ఇంకొకటి ఉంది. ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులో కూర్చుని బండ్లను పంపించే పని. ఏ బండికి ఏ లోడు, ఎప్పుడు బయలుదేరాలి, ఏ దారిన వెళ్లాలి, ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఇదంతా చూసే మనిషి ప్రతి రవాణా సంస్థకూ కావాలి. రోడ్డు తెలియనివాళ్లు ఆ కుర్చీలో ఉంటే ఏమవుతుందో మీరు అనుభవించే ఉంటారు. మనిషి నిద్రపోవాలన్న లెక్క లేకుండా టైము ఇచ్చేస్తారు. ఆ టైము అందుకోవడానికే డ్రైవర్లు తెల్లవారుజామున కళ్లు మూతపడుతున్నా నడుపుతారు. అక్కడ మీలాంటి మనిషి కూర్చుంటే ఇంకో పదిమంది డ్రైవర్లు ప్రాణాలతో ఇంటికి చేరతారని నేను నిజంగా నమ్ముతాను. దానికి మీకు తక్కువైంది చదువు కాదు, కంప్యూటరు. టైపింగ్, ఎక్సెల్‌లో ఒక పట్టిక తయారు చేయడం, ఈమెయిల్ రాయడం, మ్యాపులో బండిని వెతకడం, ఈ నాలుగూ వస్తే చాలు. పదో తరగతి చదివినవారు రోజుకో గంట కూర్చుంటే రెండు మూడు నెలల్లో వస్తాయి. అయితే ఆ పనిలో ఫోను ఊపిరి తీసుకోనివ్వదు, అందరి కోపమూ మీమీదే దిగుతుంది. కోపాన్ని మింగగలిగే స్వభావం మీదో కాదో మీకే తెలియాలి.

హెవీ బండ్లు నేర్పే శిక్షకుడి పని కూడా ఆలోచించదగ్గదే. కాకపోతే అక్కడా రోజంతా బండిలోనే కూర్చోవాలి, కాబట్టి నడుము ఒప్పుకుంటేనే. బస్సు గురించి ఎవరైనా చెబితే షిఫ్టుల పట్టిక చూడకుండా సరే అనకండి.

బావమరిది వ్యాన్ సంగతి మొహమాటం లేకుండా చెబుతాను. వద్దు. మీరు పని మానాలనుకుంటున్నది ఒళ్లు అలిసిపోయి. అప్పు తెచ్చి బండి కొంటే ఆ ఒంటి మీదే వాయిదా కూడా వచ్చి కూర్చుంటుంది. ఇవాళ నడుము పట్టేసిందని ఇంట్లో పడుకుంటే జీతగాడికి ఒక రోజు జీతం పోతుంది. సొంత బండివాడికి రోజు కిరాయీ పోతుంది, వాయిదా మాత్రం ఆగదు. ఇన్సూరెన్సు, టైర్లు, రిపేర్లు, బండి ఖాళీగా తిరిగొచ్చే కిలోమీటర్లు, కిరాయి డబ్బు రావడానికి పట్టే నెలలు, ఇవన్నీ కలిపి లెక్క వేసినవారు చాలా తక్కువ. పైగా ఇందులో బంధుత్వం ఉంది. లెక్క చెడితే మీ ఇంటామె ఇటు మీకూ అటు తమ్ముడికీ మధ్య నలిగిపోతారు. బావమరిదికి సర్దిచెప్పడానికి మీ డాక్టరు మాటే చాలు. ఆయన అంతగా కొనాలనుకుంటే కొననివ్వండి. మంచి బండిని చూసి ఎంచడంలో, ఇంజను విని చెప్పడంలో సాయం చేయండి. సంతకం మాత్రం పెట్టకండి.

డ్రైవర్ లేని లారీల గురించి రెండే మాటలు. 2025లో అమెరికాలోని టెక్సస్‌లో డల్లాస్, హ్యూస్టన్ నగరాల మధ్య హైవే మీద అలాంటి సరుకు రవాణా మొదలైన మాట నిజం. అది ముందే కొలిచి పెట్టుకున్న ఒక రూటు. ఇరుకు సందులు, యార్డులు, చేయి ఊపి దారి చూపించే మనుషులు, తాళ్లు బిగించే పని ఇంకా మనిషి చేతిలోనే ఉన్నాయి. మీ అబ్బాయో అమ్మాయో ఈ పనిలోకి వస్తానంటే అది ఆలోచించాల్సిన విషయమే. మీరు ఈ ఏడాది తీసుకునే నిర్ణయానికి దాన్ని కారణం చేసుకోకండి. మీ ఒళ్లు చెబుతున్న కారణాలు చాలు.

ఇల్లు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పని మారిన మొదటి నెలల్లో కష్టం చాలాసార్లు అక్కడే వస్తుంది. పదహారేళ్లుగా మీరు లేకుండానే ఆ ఇల్లు నడుస్తోంది. పిల్లల చదువు, డబ్బు, చుట్టాలు, జ్వరాలు అన్నీ ఆమె ఒక్కరే చూసుకున్నారు. ఇప్పుడు మీరు రోజూ సాయంత్రానికి ఇంట్లో ఉండి ‘ఇదెందుకిలా, అదెందుకలా’ అంటే ఆమెకు అది సాయంలా తోచదు. కొన్నాళ్లు ఆమె పద్ధతి చూస్తూ ఉండండి. ఒకటి రెండు పనులు పూర్తిగా మీవి చేసుకోండి. పిల్లల్ని బడికి దింపడం లాంటి, రోజూ ఒకే వేళకు చేసే పనైతే మేలు. మీరు వెళ్లడం, రావడం అనే లెక్కలోనే మీ చిన్నమ్మాయి పెరిగింది. మీరు ఉంటారన్న నమ్మకం ఆ పిల్లకు కలగాలంటే మాటతో కాదు, వరుసగా కొన్ని నెలలు కళ్లముందు కనిపించాలి. మొదట్లో ఆ పిల్ల దూరంగా మసలినా మనసు కష్టపెట్టుకోకండి.

మీక్కూడా ఒక వెలితి ఉంటుంది, ముందే తెలిసి ఉండటం మంచిది. క్యాబిన్‌లో మీరొక్కరే. ఎవరూ భుజం మీంచి తొంగిచూడరు, రోడ్డు మీద నిర్ణయాలన్నీ మీవే. గోడౌన్‌లో రోజంతా నలుగురి మధ్య, ఒకరి కింద పనిచేయాలి. మొదటి కొన్ని నెలలు ఊపిరాడనట్టు ఉండి, మళ్లీ హైవే ఎక్కేద్దామనిపిస్తుంది. ఆ తలపు వచ్చిన వెంటనే పాత యజమానికి ఫోన్ చేయకండి. ఆరు నెలలు గడిచాక కూడా అదే మనసు ఉంటే, నడుము ఒప్పుకుంటే, అప్పుడు పగటి రూటు గురించి మాట్లాడవచ్చు.

ఆ దారి మూసుకుపోకుండా ఉండాలంటే హెవీ లైసెన్సు గడువు దాటనివ్వకండి. నడపకపోయినా రెన్యూవల్ చేయిస్తూ ఉండండి, మళ్లీ మొదటినుంచి తెచ్చుకోవడం చాలా పని. మానేసేటప్పుడు యజమానికి నెల ముందు చెప్పండి. అడ్వాన్సులు, మిగిలిన బేటాలు, బండి పేరున ఉన్న జరిమానాలు అన్నీ కాగితం మీద తేల్చుకుని ఇద్దరూ సంతకాలు చేయండి. ఎన్నేళ్లు పనిచేశారో, ఏ బండ్లు నడిపారో, ప్రమాదాలు లేకుండా నడిపారన్న మాటతో సహా ఒక అనుభవ పత్రం రాయించుకోండి. గోడౌన్‌లోనైనా ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసులోనైనా చూపించడానికి మీ దగ్గర ఉండే గట్టి కాగితం అదే. కానీ వీటన్నిటికంటే ముందు డాక్టరు. ఈ వారంలో వెళ్లండి, వెళ్లేదాకా రాత్రి లోడు ఒప్పుకోకండి.